పదకొండో పేజీ

కురెస్సారె ఊరి గ్రంథాలయం కింద, నేలమాళిగలో
ఇరవై రెండేళ్లుగా నా బల్ల.
జిగురు డబ్బా, దారపు ఉండ, ఎముకతో చేసిన మడతపుల్ల,
కిటికీలోంచి చూస్తే
బయట నడిచేవాళ్ల బూట్లు మాత్రమే.
నా దగ్గరికి పుస్తకాలు దెబ్బలతో వస్తాయి.
కథేమిటని అడక్కండి,
గాయం చూసి వయసు చెప్తాను.

దళసరి అట్టల పుస్తకం, మూలల్లో పంటిగాట్లు:
ఏడాది లోపు.
బాతుని నోట్లో పెట్టుకుని చదివినవాళ్లు.
ఆ తర్వాత ఏ చదువూ అంత రుచిగా ఉండదు.

కాగితం తలుపులు ఊడిపోయిన బొమ్మల పుస్తకం:
మూడేళ్లు.
పిల్లి ఏ తలుపు వెనకుందో తెలిసీ
మళ్లీ తెరుస్తారు,
ఈసారి లేచి వెళ్లిపోయి ఉంటుందేమోనని.

పాత కథల పుస్తకంలో తోడేలు పేజీ.
కళ్లు రెండూ గోటితో గీకేసి ఉంటాయి. ఐదేళ్లు.
మొదట్లో రంగు కలిపి కళ్లు తిరిగి పెట్టేదాన్ని,
నెల తిరక్కుండా గుడ్డిదై వచ్చేది.
ఇప్పుడు మానేశాను.
ఈ దీవిలో పిల్లలు నిద్రపోవాలంటే
తోడేలుకి చూపు ఉండకూడదు.

ఓడదొంగల కుట్లలో ఇసుక.
దయ్యాల పుస్తకంలో, సరిగ్గా మెట్లు కిర్రుమనే చోట,
ఒక బస్సు టికెట్టు.
అక్కడి నుంచి పేజీలన్నీ కొత్తవి,
చెయ్యి తగలని తెలుపు.

ఇక ఆ అపరాధ పరిశోధన.
దీపస్తంభం కాపరి గడియారం ఎవరు కాజేశారన్నది కథ.
పదకొండో పేజీ అంచున పెన్సిలుతో ఏ దుర్మార్గుడో
"దొంగ తోటమాలి" అని రాసిపెట్టాడు.
రబ్బరుతో చెరిపాను.
వెలుతురుకి వంచితే కాగితం ఇంకా చెప్తూనే ఉంది.

సముద్రం గడ్డకట్టిన జనవరిలో హిల్యా వచ్చింది.
ఎనభై మూడేళ్లు.
చేపల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి.
పక్షవాతం ఆవిడ మాటల్ని కలగాపులగం చేసింది,
కుర్చీ అనబోతే నోట్లోంచి గొర్రె వచ్చేది.
అట్టల పుస్తకం తీసుకుంది.
బాతు.
బా తు.
బాతు.
పక్కన మునిమనవడు ఉకు అదే పుస్తకం మూల కొరుకుతూ.
ఇద్దరిదీ ఒకే తరగతి.

ఫిబ్రవరికి తలుపుల వెనక పిల్లి దొరికింది.
మార్చిలో తోడేలు కళ్లు లేకపోవడం చూసి
ఆవిడ నవ్విన నవ్వు
మెట్లు దిగి నా బల్ల దాకా వచ్చింది.
ఏప్రిల్లో మంచు పగిలి పడవలు కదిలాయి.
ఉకు ఇంకా బాతు దగ్గరే.
ఆవిడ వాడి బుగ్గ గిల్లి, దాటుకుని,
దొంగల ఓడ ఎక్కేసింది.

మే నెలలో గడియారం కథ వెన్ను విరిగి వచ్చింది.
అలవాటుగా పదకొండో పేజీ వెలుతురుకి వంచాను.
నేను చెరిపిన అక్షరాల కింద
కొత్తగా, వణుకుతూ, పెద్దగా, నొక్కి:
"అబద్ధం."

ఈ పుస్తకాన్ని నాలుగుసార్లు కుట్టాను.
దారం ఎక్కడ మొదలవుతుందో తెలుసు,
ఎక్కడ ముడి పడుతుందో తెలుసు.
దొంగ ఎవరో తెలియదు.
ఇన్నేళ్లూ తోటమాలే అనుకుని
పాపం, అతని మీద కోపంగా కూడా ఉన్నాను.

ఆ రాత్రి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను.
పొయ్యి మీద బంగాళదుంపలు మాడాయి.
నూట నలభయ్యో పేజీలో
తోటమాలి ఒక్కడే వానలో నిలబడి ఉన్నాడు,
ఊళ్లో ఎవరూ అతని మాట నమ్మడం లేదు.
దీపం ఆర్పలేకపోయాను.
నల్లరొట్టె తుంచుకు తింటూ చదువుతుంటే
పొడి రాలి కుట్లలోకి జారింది.

దులపలేదు.
రేపు ఎవరైనా దీన్ని నా బల్ల మీద పెడితే
గాయం చూసి చెప్పాలి కదా:
యాభై ఆరేళ్లు.